ఆగిన రైతుకు దక్కేదేమిటి?

తిరుపతిలో ఈ మధ్య నీటి వాడకం మీద జరిగిన ఒక చిన్న సదస్సుకు వెళ్లాను. చాలాకాలం ప్రభుత్వ ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దాయన అక్కడ మాట్లాడుతూ, ఉచితంగా వచ్చిన దానికి మనిషి విలువ ఇవ్వడనీ, ఉచిత కరెంటు ఇచ్చాం కాబట్టే చిత్తూరు రైతు భూగర్భజలాన్ని ఊడ్చేశాడనీ అన్నారు. సభలో చాలామంది తలలూపారు. ఆ మాటలో కొంత నిజం ఉందని నాకూ తెలుసు. అయినా అది రైతు స్వభావం మీద మోపిన నింద తప్ప కారణాన్ని వెతికిన మాట కాదని అప్పటి నుంచీ అనిపిస్తూనే ఉంది. నీటి విలువ తెలియని రైతు మన జిల్లాలో లేడు. తెలిసిన విలువను కాపాడుకోవడానికి అతనికి మనం ఏ దారీ మిగల్చలేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

పలమనేరు వైపు మా చిన్నాయన చేనులో పోయిన వేసవిలో బోరు వేశారు. పాయింటు చూసే ఆయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగి, కాయ నిటారుగా లేచిన చోట సున్నంతో గుర్తు వేశాడు, డబ్బు తీసుకుని వెళ్లాడు. రాత్రికి తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి బోరు తవ్వే రిగ్గు వచ్చింది. రిగ్గుకు ఇచ్చేది అడుగు లెక్కన, అదీ లోతు పెరిగేకొద్దీ అడుగు రేటు పెరుగుతుంది, కేసింగు పైపు లెక్క వేరు. నీళ్లు పడినా పడకపోయినా ఆ డబ్బు ఇవ్వాల్సిందే. ఆరు వందల అడుగుల దగ్గర పొడి దుమ్ము తప్ప ఏమీ రాకపోతే రిగ్గు మేస్త్రీ చిన్నాయన వైపు చూసి, ఇంకో రెండు రాడ్లు దించమంటారా అని అడిగాడు. ఆ ప్రశ్నకు వద్దు అనగలిగిన రైతును నేను చూడలేదు. అప్పటిదాకా పెట్టిందంతా పోయినట్టేనని ఒప్పుకుంటేనే వద్దనగలడు. తొమ్మిది వందల అడుగులు దాటాక రెండంగుళాల నీళ్లు పడ్డాయి. బోరు, మోటారు, కేబులు, పైపులు అన్నీ కలిపి అయిన ఖర్చులో చాలా భాగం నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పే.

దీన్ని ఉచితంగా వచ్చిన నీళ్లు అనడం నాకు సాధ్యం కాదు. ఆ బోరు నుంచి వచ్చే మొదటి బిందె నీళ్లకు లక్షలు ఖర్చయ్యాయి. ఉచితమైనది ఆ తర్వాత మోటారు తిరిగే ప్రతి గంటా మాత్రమే. ముందు భరించాల్సిన ఖర్చు అప్పుగా మెడకు చుట్టుకుని, తర్వాత వాడే ప్రతి గంటా సున్నాగా ఉన్నప్పుడు, ఎంత వివేకం ఉన్న మనిషైనా కరెంటు ఉన్నంతసేపూ మోటారు ఆడించే అప్పు తీర్చుకోవాలని చూస్తాడు.

చివరి గంట ధర

సున్నా ధర 2004తో మొదలైందని చాలామంది అనుకుంటారు. ఆ ఏడాది మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వెంటనే వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం చేసిన దృశ్యం అందరికీ గుర్తుండటమే దానికి కారణం. నిజానికి 1980లలో ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం హార్స్ పవర్‌కు ఏడాదికి 50 రూపాయల స్లాబు పెట్టిననాడే చివరి గంట ధర, అంటే మోటారు ఇంకో గంట ఆడిస్తే అదనంగా అయ్యే ఖర్చు, సున్నా అయిపోయింది. ఏడాదికి ఒకసారి కట్టే మొత్తం, మోటారు రోజుకు ఒక గంట ఆడినా పది గంటలు ఆడినా మారదు. 2004లో పోయింది ఆ స్లాబు మొత్తమే. అంటే రైతును ఆగమని చెప్పే ధర ఉచిత కరెంటుకు ఇరవై ఏళ్ల ముందు నుంచే లేదు. అలాగని ఆ ధరను తిరిగి పెట్టడం తేలిక అని కూడా నేను అనను. 2000 ఆగస్టులో బషీర్‌బాగ్‌లో చార్జీల పెంపును వ్యతిరేకించిన జనం మీద కాల్పులు జరిగిన తర్వాత, ఈ రాష్ట్రంలో ఏ పార్టీ కూడా ఆ దారిన నడవదు.

ధర లేకపోవడం ఒక్కటే కారణమైతే ధర పెడితే సరిపోవాలి. కానీ దానికంటే లోతైన కారణం ఇంకొకటి ఉంది. పోయిన నెల చిన్నాయనను అడిగాను, పంటకు సరిపడా నీళ్లు పారాక కూడా మోటారు ఎందుకు ఆపవని. "నేను ఒక పూట ఆపినాననుకో నాయనా, పక్క చేనాయన ఆపతాడా? ఆ నీళ్లు నా బోర్లోనే ఉండేదానికి నేనేమన్నా మూత పెట్టి పెట్టినానా? ఆయన మోటార్లో పోతాయి," అన్నాడు. పక్క చేనాయనను అడిగినా ఇదే మాట చెబుతాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

మన చట్టం కూడా వాళ్లనే సమర్థిస్తోంది. 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం కాలం నుంచి తన భూమి కింద నీటిని తోడుకునే హక్కు భూమి యజమానికి ఉంది. తోడుకున్నది అతనిది. తోడకుండా వదిలినది ఎవరిదీ కాదు, లేదా ముందుగా తోడుకున్నవాడిది. ఇలాంటి హక్కు కింద పొదుపు చేసిన మనిషి పొదుపు చేసినదాన్ని పోగొట్టుకుంటాడు. అందుకే ఏ పథకం గురించి విన్నా నేను ఒకే ప్రశ్న వేసుకోవడం అలవాటు చేసుకున్నాను: ఈ నిబంధన కింద ఆగిన రైతుకు దక్కేదేమిటి? ఈ ప్రశ్నతో మన జిల్లాలో ఇప్పటిదాకా అమలైన ఒక్కో చర్యనూ చూస్తే, అనుకోని ఫలితాలని మనం ఆశ్చర్యపోయేవాటిలో చాలా భాగం ముందే తెలిసి ఉండాల్సినవేనని అర్థమవుతుంది.

ఆటో స్టార్టరు, డ్రిప్పు, అనుమతి

కరెంటు రాగానే మోటారును దానంతటదే మొదలుపెట్టే ఆటో స్టార్టర్లు తీసేయమని కరెంటు అధికారులు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. వాళ్ల బాధ న్యాయమైనదే. త్రీఫేజు కరెంటు రాగానే ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ ఒకేసారి మొదలైతే వోల్టేజి పడిపోతుంది, మోటార్లు కాలిపోతాయి, ట్రాన్స్‌ఫార్మరూ కాలిపోతుంది. కానీ కరెంటు అర్ధరాత్రి ఎప్పుడో వచ్చి తెల్లవారకముందే పోయే రోజుల్లో, స్టార్టరు పెట్టుకోని రైతు చీకట్లో చేనుకు నడిచి వెళ్లాలి. అలా వెళ్లి పాము కాటుతోనో, తడి చేతికి షాకు కొట్టో చనిపోయినవాళ్లు ప్రతి మండలంలోనూ ఉన్నారు. స్టార్టరు తీసేసిన వాడికి దక్కేది ఆ ప్రమాదం, దాంతో పాటు పక్కవాడి కంటే రెండు గంటలు తక్కువ నీళ్లు. అతన్ని నిందించే ముందు కరెంటు ఇచ్చే వేళలను చూడాలి. పగటిపూట 9 గంటలు ఇవ్వడం మొదలయ్యాక ఈ బాధ కొంత తగ్గింది. ఆ మార్పును నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను.

ఇక్కడే మెచ్చుకోవాల్సిన ఇంకో పని ఉంది. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ల స్థానంలో రెండు మూడు మోటార్లకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టే హెచ్‌వీడీఎస్ పద్ధతిని, తిరుపతి కేంద్రంగా పనిచేసే మన డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) పరిధిలో చాలా చోట్ల తెచ్చారు. పాతిక మంది పంచుకునే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే అది ఊరి సమస్య. ముగ్గురు పంచుకునేది కాలిపోతే అది ఆ ముగ్గురి పంట. దొంగ కనెక్షను తగిలించడానికి వచ్చినవాడిని ఆ ముగ్గురే అడ్డుకుంటారు. ఎవరికీ ఉపదేశం చేయనవసరం లేకుండా, జాగ్రత్తగా ఉన్నవాడికే ఆ జాగ్రత్త ఫలం దక్కింది.

డ్రిప్పు విషయంలో అలా జరగలేదు. 2003లో మొదలైన సూక్ష్మ సేద్య పథకం కింద చిన్న రైతుకు 90 శాతం దాకా రాయితీ వచ్చింది, మన జిల్లా దాన్ని బాగా అందుకుంది. డ్రిప్పు వల్ల ఎకరాకు పట్టే నీళ్లు తగ్గుతాయి, అందులో అనుమానం లేదు. అయితే రాయితీ ఇచ్చేది పరిచిన పైపులకు, భూమిలో మిగిలిన నీళ్లకు కాదు. రెండెకరాలకు సరిపోయే నీళ్లతో ఇప్పుడు నాలుగెకరాలు పారుతుంటే, బీడుగా ఉన్న ఆ రెండెకరాల్లో టమోటానో, ఆవులకు మేత గడ్డో వేయకుండా ఎవరు ఉంటారు? టమోటా మంచి ధర పలికిన ఏడాది అయితే చెప్పనవసరమే లేదు. రాబడి పెరిగింది, అది మంచిదే, దాన్ని తక్కువ చేసి చూడను. కానీ బోరులో నీటి మట్టం పెరగలేదు. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోనూ పొదుపైన స్ప్రింక్లర్ నాజిళ్లకు ప్రభుత్వం డబ్బిచ్చాక, రైతులు ఎక్కువ నీళ్లు తాగే పంటలకు మారి మొత్తం వాడకం పెరిగిందని అక్కడి పరిశోధకులు లెక్కగట్టారు. బొగ్గును పొదుపుగా కాల్చే యంత్రాలు వస్తే బొగ్గు వాడకం పెరుగుతుందని 1865లోనే ఆంగ్ల ఆర్థికవేత్త జెవన్స్ చెప్పాడు. నీటికి కూడా అదే జరిగింది.

నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు ఉద్దేశించిన వాల్టా చట్టం 2002లో వచ్చింది. బోరు వేయడానికి అనుమతి కావాలి, నీళ్లు మితిమీరి తోడేసిన గ్రామాలుగా ప్రకటించిన చోట కొత్త బోరు వేయకూడదు. ఉద్దేశం గొప్పది. అలాంటి గ్రామంలో చట్టాన్ని గౌరవించి అనుమతి అడిగిన రైతుకు వచ్చేది తిరస్కారం. అడగకుండా రాత్రికి రాత్రి రిగ్గు పిలిపించుకున్నవాడికి బోరు వస్తుంది, కొన్నాళ్లకు అనధికార కనెక్షన్లను క్రమబద్ధం చేసే ఉత్తర్వు వచ్చినప్పుడు కరెంటు కూడా వస్తుంది. పైగా, ఊరిని ఆ జాబితాలో చేర్చబోతున్నారన్న వార్త వినిపిస్తే చాలు, అవసరం లేనివాళ్లు కూడా ముందుగానే బోరు వేసుకుంటారు. నీటిని కాపాడటానికి చేసిన ప్రకటనే బోర్ల సంఖ్యను పెంచుతుంది. ఉచిత కరెంటులో మెట్ట రైతుకు మూడు కనెక్షన్ల పరిమితి ఉన్నప్పుడు నాలుగోది ఇల్లాలి పేరు మీద వచ్చిన సంగతి కూడా ఈ కోవలోదే.

నీటితో సంబంధం లేకపోయినా ఇక్కడ ఒక విషయం చెప్పాలి. 2008లో కేంద్రం రుణమాఫీ ప్రకటించినప్పుడు, అప్పు సక్రమంగా కట్టేసిన రైతులు మేమేం పాపం చేశామని అడిగారు. అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ఆ ప్రశ్నను విని, మాఫీ అందని, కట్టేసిన రైతుకు 5,000 రూపాయల చొప్పున ఇచ్చింది. మాఫీ మొత్తంతో పోలిస్తే అది చిన్నదే. అయినా నియమం పాటించినవాడిని ప్రభుత్వం గుర్తుపెట్టుకున్న అరుదైన సందర్భంగా దాన్ని నేను చూస్తాను.

చట్టంతో ఆపితే

ఇంత తర్జనభర్జన ఎందుకు, గట్టి చట్టం పెట్టి అమలు చేస్తే చాలు కదా అని ఒక మిత్రుడు వాదించాడు. పంజాబ్ ఆ పని చేసింది. మండు వేసవిలో వరి నాట్లు వేస్తే నీళ్లు ఆవిరైపోతున్నాయని, జూన్ 10కి ముందు నాట్లు వేయకూడదని 2009లో చట్టం చేసింది. చట్టం అమలైంది కూడా, ఎందుకంటే ఉల్లంఘించిన పొలం అందరికీ కనిపిస్తుంది. నాట్లు వెనక్కు జరగడంతో కోతలూ వెనక్కు జరిగాయి. వరి కోసి గోధుమ విత్తడానికి మధ్య రైతుకు మిగిలిన రోజులు తగ్గిపోయాయి. గడ్డిని కలియదున్నే తీరిక లేక నిప్పు పెట్టడం ఎక్కువైంది, అదీ గాలి కదలిక తగ్గి పొగ నేలకు అంటిపెట్టుకునే నవంబరులోకి జరిగింది. ఢిల్లీ పొగకు ఇదొక్కటే కారణమని ఎవరూ అనలేరు గానీ, కారణాల్లో ఇది ఒకటి. చట్టం ఒక తేదీని మార్చింది. ఆ తేదీ వెనుక రైతు లెక్క వేసుకున్న మిగతా తేదీలన్నీ కదులుతాయని చట్టం చేసినవారు చూసుకోలేదు. నీళ్లు ఎక్కువ తాగే వరినే వేయమని చెబుతున్న మద్దతు ధరను, ప్రభుత్వ కొనుగోలును మాత్రం ముట్టుకోలేదు.

ఆగినవాళ్లూ ఉన్నారు

నా వాదనకు అడ్డం వచ్చే ఉదాహరణ ఒకటుంది. దాన్ని దాటవేయడం న్యాయం కాదు. ఆర్థిక ప్రయోజనం లేకుండా ఎవరూ ఆగరని నేను ఇంతసేపూ అన్నట్టుంది. కానీ ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ సహకారంతో 2003 తర్వాత కొన్నేళ్లపాటు ఏపీఎఫ్ఏఎంజీఎస్ అనే, భూగర్భజలాన్ని రైతులే నిర్వహించుకునే కార్యక్రమం మన చిత్తూరుతో సహా ఏడు జిల్లాల్లో, 600కు పైగా గ్రామాల్లో నడిచింది. అందులో రైతుకు రాయితీ లేదు, ఆంక్షా లేదు. ఊళ్లో వానమాపకం పెట్టారు, కొన్ని బోర్లలో నీటి మట్టాన్ని రైతులే పదిహేను రోజులకొకసారి కొలిచి గోడ మీద రాశారు. రబీకి ముందు అందరూ కూర్చుని, భూమిలో ఉన్న నీళ్లెంత, వేయదలచుకున్న పంటలకు కావాల్సినవెంత అని లెక్క వేసుకున్నారు. చాలా చోట్ల వరి తగ్గింది, తక్కువ నీటి పంటలు పెరిగాయి.

డబ్బు చేయలేని పని గోడ మీద రాసిన అంకెలు ఎలా చేశాయని చాలాకాలం ఆలోచించాను. నాకు తోచింది ఇది. ఆ లెక్క రైతుకు రెండు సంగతులు చెప్పింది. నీళ్లు సంక్రాంతి దాటి ఉండవని తెలిస్తే వరి వేయడం తనకే నష్టం, ఇది మొదటిది. పక్క చేనాయన కూడా అదే లెక్క చూశాడు, ఆయనా వరి వేయడం లేదు, ఇది రెండోది. ఆగినవాడు ఒంటరివాడు కాడన్న భరోసాయే అక్కడ దక్కిన ఫలం. మన చెరువుల కింద ఒకప్పుడు ఉన్నదీ ఇదే. చెరువు సగమే నిండిన ఏడాది, నీళ్లు పంచే నీరుగంటి ఆయకట్టులో అందరికీ కోత పెట్టేవాడు, ఒక్కడినే ఆగమనేవాడు కాదు. అతనికి ఇచ్చే గింజలు కూడా ఆయకట్టు పంట నుంచే వచ్చేవి కాబట్టి, నీళ్లు సక్రమంగా పారడం అతని బతుకుకు కూడా అవసరం. ఆయకట్టులోనే బోర్లు వచ్చాక సప్లై కాలువ పూడిపోయినా పట్టించుకునే మనిషి లేకుండా పోయాడు. అయినా కొన్ని ఊళ్లలో రైతులు మాట్లాడుకుని తూము మూసేసి, చెరువును బోర్ల ఊట కోసమే ఉంచుకున్నారు. అది ఎవరూ ఆదేశించినది కాదు.

కాబట్టి ప్రయోజనమంటే డబ్బే కానవసరం లేదు. కానీ అది ఆగినవాడికి కనిపించేదిగా ఉండాలి, పక్కవాడు దాన్ని ఎగరేసుకుపోలేనిదిగా ఉండాలి. ఆ కార్యక్రమం నిధులు ముగిశాక చాలా చోట్ల కొలతలు ఆగిపోయాయి. సమాచారం ఒక్కటే ఎక్కువ కాలం నిలబడదని నాకున్న అనుమానం అక్కడి నుంచి వచ్చిందే.

తోడని యూనిటుకు డబ్బు

పంజాబ్ 2018లో కొన్ని ఫీడర్ల (సబ్‌స్టేషను నుంచి ఊళ్లకు వెళ్లే కరెంటు లైన్ల) కింద మరో ప్రయత్నం చేసింది. ఉచిత కరెంటును తీసేయలేదు. రైతుకు ఇన్ని యూనిట్లు అని కోటా చెప్పి, అందులో వాడకుండా మిగిల్చిన ప్రతి యూనిటుకు 4 రూపాయలు అతని ఖాతాలో వేసింది. గుజరాత్‌లో ఖేడా జిల్లా ఢుండీ గ్రామంలో కొందరు రైతులు సౌర పంపుల సహకార సంఘం పెట్టుకుని, మోటారుకు వాడని కరెంటును 2016 నుంచి గ్రిడ్‌కు అమ్మారు. రెండు చోట్లా జరిగినది ఒకటే: మోటారు ఆపిన గంటకు ధర వచ్చింది. రైతు నుంచి ఏమీ లాక్కోకుండానే చివరి గంట సున్నా కాకుండా పోయింది. సదస్సులో మాట్లాడిన పెద్దాయనతో నేను వాదించవలసి వస్తే ఈ రెండు ఉదాహరణలే చెబుతాను.

అయినా దీన్ని మన దగ్గర తలకెత్తుకోవడంలో చిక్కులున్నాయి. మొదటిది మీటరు. 2020లో రాష్ట్ర ప్రభుత్వం వ్యవసాయ మోటార్లకు మీటర్లు పెట్టి రాయితీని ఖాతాలో వేస్తామని శ్రీకాకుళంలో మొదలుపెట్టినప్పుడు, మీటరు వచ్చిందంటే రేపు బిల్లు వస్తుందని రైతులు భయపడ్డారు. ఆ భయం అకారణమైనది కాదు. అదే ఏడాది కేంద్రం రాష్ట్రాలకు అదనంగా అప్పు తెచ్చుకునే వీలును విద్యుత్ సంస్కరణలతో ముడిపెట్టింది. మీటరు పెడితే రాష్ట్రానికి దక్కేదేమిటో స్పష్టంగా ఉంది, రైతుకు దక్కేదేమిటో ఎవరూ స్పష్టంగా చెప్పలేదు. ప్రయోజనం పొందేవాడు ఒకడు, మార్పు భరించేవాడు ఇంకొకడు అయినప్పుడు నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది?

రెండోది కోటా లెక్క. గత వాడకాన్ని బట్టి కోటా కడితే, ఇన్నేళ్లూ విపరీతంగా తోడినవాడికి పెద్ద కోటా, పొదుపుగా ఉన్నవాడికి చిన్న కోటా వస్తాయి. కోటా నిర్ణయించబోతున్నారని తెలిస్తే ఆ ఏడాది అందరూ మోటార్లు ఎక్కువ ఆడిస్తారు. హార్స్ పవర్‌ను బట్టి కడితే ఐదు తీసేసి పదిహేను పెట్టుకుంటారు. బోరుకు ఇంత అంటే, నీళ్లు లేని బోరుకు కూడా మోటారు దించి, అది తిరగలేదు కాబట్టి డబ్బు ఇవ్వమంటారు. ఎండిన బోర్లు మన పడమటి మండలాల్లో ఎన్ని ఉన్నాయో తెలిసినవాళ్లకు ఈ చివరి మాట అతిశయోక్తిగా తోచదు.

ఇవన్నీ చూశాక నాకు సరైనదిగా కనిపిస్తున్న మార్గం, సాగు భూమిని బట్టి కోటా కట్టడం, అదీ కొంత ఎకరాల దగ్గర పరిమితి పెట్టి, చిన్న రైతుకు ఎకరాకు కాస్త ఎక్కువ వచ్చేలా. కౌలు రైతు సాగు చేస్తున్న చోట మిగులు డబ్బు పట్టాదారుకు పోకుండా చూడటం ఇందులో అన్నిటికంటే కష్టమైన భాగం. డబ్బును పూర్తిగా ఒక్కో రైతుకే ఇవ్వకుండా, ఫీడరు కింద ఉన్న అందరి వాడకం కలిపి తగ్గినప్పుడు అదనంగా కొంత ఊరికి వచ్చేలా పెడితే, పక్క చేనాయన కూడా ఆగుతాడా అన్న చిన్నాయన ప్రశ్నకు జవాబు దొరికే అవకాశం ఉంది. గోడ మీద అంకెలు రాసే పద్ధతిని దీంతో కలపాలి. ఈ పథకం వల్ల ఉచిత కరెంటు పోదన్న హామీ జీవో రూపంలో ముందే రావాలి, మీటరు ఆ తర్వాతే రావాలి. దీన్ని జిల్లా అంతటా ఒకేసారి పెట్టమని నేను అడగడం లేదు. పలమనేరు, పుంగనూరు వైపు రెండు మూడు ఫీడర్ల కింద మూడు పంటకాలాలు నడిపి, ఖాతాల్లో పడిన డబ్బుతో పాటు బోర్లలో నీటి మట్టాన్నీ, ఆ ఊళ్లలో కొత్తగా పడిన బోర్లనూ, దించిన మోటార్లనూ లెక్కగట్టి చూడమని అడుగుతున్నాను. మోటార్ల సంఖ్య పెరిగి మట్టం పెరగకపోతే కోటా కట్టిన తీరు తప్పని తేలుతుంది, అప్పుడు దాన్ని మార్చాలి.